అక్క కడుపులో పెరిగింది

మా అక్క సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్ళో మిషన్ బడి టీచరు. పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆమే. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. నేను సత్తెనపల్లిలో పత్తి మిల్లు గుమాస్తాని, రోజూ బస్సులో వెళ్ళొచ్చేవాణ్ణి. ఎనభైల నాటి సంగతి ఇది.

మొదట విరేచనంలో రక్తం పడింది. ఊళ్ళోని ఆర్‌ఎంపీ పరీక్ష కూడా చేయకుండా మొలలన్నాడు.

"కారం మానెయ్యండి టీచరుగారూ, అదే పోద్ది."

కంటి ముందంతా మిరప కల్లాలే ఉన్న ఊళ్ళో ఆ మాట నమ్మడం కష్టం కాదు. అక్క మజ్జిగన్నంతో సరిపెట్టుకుంది. రక్తం ఆగలేదు. మరుసటి పంట నాటికి మెడ ఎముకలు బయటపడ్డాయి, చేతులు పుల్లలయ్యాయి, కడుపు మాత్రం పెరగడం మొదలుపెట్టింది.

పెళ్ళికాని ఆడదాని కడుపు. ముందు కోతలకొచ్చిన ఆడవాళ్ళు చూశారు, తర్వాత చర్చిలో చూశారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచాడు.

"మీ అక్కని కొన్నాళ్ళు పిల్లల దగ్గరకి రావద్దని చెప్పు."

"ఎందుకండీ?"

"నన్నడుగుతావేంటి? ఊరంతా అనుకుంటుంటే నీకు తెలవదా?"

ఇంటికెళ్ళి చెప్పాను. అక్క ఏడవలేదు. "నొప్పిగా ఉందా అని వాళ్ళల్లో ఒక్కరైనా అడిగార్రా?" అంది.

మర్నాడే గుంటూరు తీసుకెళ్ళాను. అక్కడి సర్జను సూదితో కడుపులో నీళ్ళు తీయించి, తర్వాత కోసి చూశాడు. చూసి, ఏమీ తీయకుండానే కుట్టేశాడు. అక్క కాస్త కోలుకున్నాక మంచం పక్కన కూర్చుని దాచకుండా చెప్పాడు.

"పెద్దపేగులో కేన్సరు గడ్డ ఉందమ్మా. పేగు గోడ దాటి బయటికొచ్చింది. కడుపు లోపలి పొర మీదంతా జొన్నగింజల్లా మొలిచింది. ఆ నీరు దానివల్లే."

"పేగులోది పొరకెట్లా పాకిందండీ?" అక్క అడిగింది.

"గడ్డలోంచి ఊడిన కణాలు వెళ్ళి పొరకి అంటుకుంటాయి. కొందరిలో అట్లా అంటుకుని పెరుగుతాయి, కొందరిలో పెరగవు. ఆ కణాల్లో ఏముండి అట్లా చేస్తాయో మాకింకా తెలీదు."

ఆయన వెళ్ళాక అక్క అంది: "తెలీదు అనే మనిషి ఇన్నాళ్ళకి ఒకడు దొరికాడురా."

ఆ కణాలను పొరకు అతికించే ప్రోటీన్లేవో, వాటిని ఉసిగొలిపే జన్యువులేవో పరిశోధిస్తున్నారని ఇప్పుడు పేపర్లో చదువుతుంటాను. మంచిదే. కానీ ఆర్‌ఎంపీ మొలలనడానికీ, ఊరు కడుపనడానికీ ఏ జన్యువు కారణమో ఎవరూ వెతకరు.

కుట్లు ఆరాక చర్చికి తీసుకెళ్ళమంది. ముందు వరుసలో కూర్చుంది. దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయానికి నా భుజం పట్టుకుని లేచింది.

"నా కడుపులో ఉంది కేన్సరు. మీరనుకున్నది కాదు. అందరికీ ఒక్కసారే చెప్తే మంచిదని వచ్చాను."

పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. క్షమించమని ఒక్కరూ రాలేదు. పైగా ఆ వారం నుంచి, అంటుకుంటుందేమోనని పిల్లల్ని మా వాకిట్లోకి కూడా రానివ్వలేదు. నింద పోయి భయం వచ్చింది. అక్కకు రెండూ ఒకటే అయ్యాయి. ఎటూ పిల్లలు దగ్గరికి రాలేదు.

కల్లాల్లో కాయలు ఇంకా ఎండుతుండగానే పోయింది. ఆఖర్లో మంచినీళ్ళు కూడా లోపల నిలవలేదు.

సమాధి దగ్గర సంఘపెద్దే మాట్లాడాడు. ఆమెది మచ్చలేని జీవితమన్నాడు, పిల్లలకు తల్లిలాంటిదన్నాడు. జనం ఆమెన్ అన్నారు. నేను పిడికెడు మట్టి వేసి, ప్రార్థన అవకముందే వచ్చేశాను. వెనక నుంచి పాస్టరుగారు పిలిచారు. ఆగలేదు. ఆ చర్చి గడప మళ్ళీ తొక్కలేదు.