అసిరయ్య తాత పెట్టెను పోలీసులకు పట్టించిన వైనం

నా జన్మకు నేను పోలీసులకు పట్టించింది ఒక్కటంటే ఒక్కటే. అది దొంగ కాదు, రౌడీ కాదు, ఆకుపచ్చ రంగు రేకు పెట్టె. పాపం, ఆ పెట్టె ఏ నేరమూ చేయలేదు. చేసినవాణ్ణి నేను. ఎంత ఘోరంగా చేశానో మొత్తం చెబుతాను, మీరు కడుపారా నవ్వుకోండి. నాకు మాత్రం సగం దాకానే నవ్వొస్తుంది.

మాది పాతపట్నం అవతల, ఒడిశా సరిహద్దుకు ఆనుకున్న చిన్న ఊరు. బస్సాగే చోటే మా కిరాణా కొట్టు, కొట్టు ముందు పొడవాటి అరుగు. పల్లెలవాళ్ళు సంతకొచ్చినా, ఆసుపత్రికొచ్చినా మోయలేని సామాను ఆ అరుగు మీద పెట్టి, నాన్నకు ఒక కేక వేసి పోయేవారు. పనసకాయలు, కుట్టు మిషను, ఒకసారి తాడుతో సహా మేకపిల్ల. వాళ్ళకు వీలైనప్పుడు వచ్చి పట్టుకుపోయేవారు.

నేను ఎచ్చెర్లలో పెద్ద చదువు వెలగబెట్టి, ఆఖరి పరీక్ష రాసి ఇంటికొచ్చిన మర్నాడే నాన్న విజయనగరంలో మా అత్తయ్య గృహప్రవేశానికి బయల్దేరాడు.

“వారం రోజులు కొట్టు సూసుకోరా. అరుగు మీద సామాన్లున్నాయి. వొచ్చినోళ్ళకి ఇచ్చీ.”

“ఏది ఎవరిదో రాసి పెట్టావా నాన్నా?”

“రాయడమేటిరా? ఆళ్ళది ఆళ్ళకి తెల్దా?”

అంతే, బస్సెక్కేశాడు. కామర్సు చదివినవాడికి ఈ జవాబు ఎంత మంటగా ఉంటుందో ఆలోచించండి. రసీదు లేదు, చీటీ లేదు, పేరు లేదు! ఈ కొట్టును బాగుచేయడానికే దేవుడు నన్ను పుట్టించాడని ఆ సాయంత్రమే తేల్చుకున్నాను.

మూడు రోజుల్లో అరుగు ఖాళీ అయిపోయింది, మూలనున్న ఆకుపచ్చ పెట్టె తప్ప. పెద్ద తాళం. పైన పేరు లేదు, ఊరు లేదు. ఊడుస్తూ కాలితో కాస్త జరిపితే లోపల ఘల్లుమంది. మళ్ళీ జరిపాను. మళ్ళీ ఘల్లుమంది. నా గుండె కూడా ఘల్లుమంది. నగలు! ఏ గుళ్ళోనో దోచిన అమ్మవారి నగలు దొంగలు మా అరుగు మీద దాచారన్నమాట. పేపర్లో నా ఫొటో ఏ వైపు నుంచి తీస్తే బాగుంటుందో కూడా ఆలోచించాను.

నాన్నకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ఈ మాట దగ్గర నేను ఇప్పటికీ తల బాదుకుంటాను. జేబులో ఫోనుంది, ఫోనులో ఛార్జింగుంది. కానీ నాన్నను అడిగితే ఘనత నాన్నకు పోతుంది కదా! అందుకని రెండు పేజీల ఫిర్యాదు రాసుకుని స్టేషన్‌కు వెళ్ళాను.

అక్కడి హెడ్ కానిస్టేబుల్, హెడ్డు గారు, పెద్దవారు, నెమ్మదైన మనిషి. కాగితం చదివి కళ్ళజోడు తీశారు.

“బాబూ, మీ నాన్ననడిగినావా?”

“నాన్న ఊళ్ళో లేరండి.”

“పోనీ, పక్కోళ్ళనడగరాదా? మీ అరుగు సంగతి మాకు తెల్దా ఏటి? ఎవులో ఒకలు వొస్తారులే.”

“చట్టప్రకారం యజమాని తెలియని వస్తువు దొరికితే మీకు అప్పగించాలండి. నేను పౌరుడిగా నా బాధ్యత...”

“కాయితం ఇచ్చీసినాక నాకు ఇంకో దారుండదు, మరి సూసుకో. నగలని కూడా రాసినావు.”

“రాశానండి. కింద గీత కూడా గీశాను.”

ఆయన నన్ను చాలాసేపు జాలిగా చూశారు. ఆ జాలిని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

పెట్టెను ఆటోలో ఎక్కించి స్టేషన్‌కు తీసుకుపోయారు. టీ కొట్టతన్నీ, టైలర్నీ సాక్షులుగా కూర్చోబెట్టి, ఎస్సై గారి ముందు తాళం పగలగొట్టారు. నేను ముందు వరసలో నిలబడ్డాను, తల దువ్వుకుని మరీ.

మూత తెరిచారు. లోపల గజ్జెలు. గజ్జెల కింద రంగు నిక్కర్లు. నిక్కర్ల కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన పన్నెండు రేకు తప్పెటలు.

టీ కొట్టతను నోరు తెరిచాడు. “ఓలమ్మ! ఇవి తప్పెటగుళ్ళోలవి కదేటి! అసిరయ్య తాత పెట్టిది.”

తప్పెటగుళ్ళంటే మా వైపు తెలియనివాళ్ళు లేరు. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలతో ఎగిరి ఆడే ఆట. అసిరయ్య తాత ఆ జట్టుకు పెద్ద.

“అయితే ఇచ్చేయండి సార్,” అన్నాను.

“ఎలగిచ్చీడం? నీ కాయితం పొద్దున్నే రిజిస్టర్లో ఎక్కింది, కోర్టుకి రిపోర్టు పోయింది,” అన్నారు హెడ్డు గారు. “ఇప్పుడిది స్టేషన్ సొత్తూ కాదు, నీ సొత్తూ కాదు. ఇంక జడ్జిగారు సెప్పాల. ఎవులూ రాకపోతే ప్రకటనేస్తారు, ఆర్నెల్లు సూస్తారు, అప్పుడు వేలం.”

వెనక గదిలో ఎవరూ రాక ఏళ్ళుగా పడున్న మోటారు సైకిళ్ళ మధ్య, తీగలు పాకిన ఒక స్కూటరు పక్కన, మెడకు నంబరు చీటీ కట్టించుకుని ఆ పెట్టె కూర్చుంది. తాతకు కబురు చేసే ధైర్యం మాత్రం నాకు చాలలేదు.

శనివారం పొద్దున్నే అసిరయ్య తాత మా కొట్టుకొచ్చాడు. సన్నటి మనిషి, మోకాళ్ళు పట్టేసి కర్ర మీద నడుస్తున్నాడు.

“సిన్న సావుకారూ, నా పెట్టి ఏదయ్యా? రేపు అమ్మోరి పండగ. ఈ ఏడే నా ఆఖరి ఆట. కాళ్ళు మొరాయిస్తన్నాయి, ఇంక ఆడలేనని అమ్మోరికి సెప్పుకున్నాను.”

నేను చెప్పాను. చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

“పోలీసోలికిచ్చినావా? ఎందుకు బాబూ? మీ నాన్నకి సెప్పే పెట్టినాను కదా. ఏటేటా పెడతన్నాను కదా.”

ఆయన్ను బండి మీద ఎక్కించుకుని స్టేషన్‌కు పరిగెత్తాను.

ఎస్సై గారు మర్యాదగానే అడిగారు. “తాతా, అవి నీవేనని రుజువేముంది? కొన్న బిల్లేమైనా ఉందా?”

“బిల్లేటి బాబూ? మా అయ్య సేయించినాడు.” తాత చొక్కా విప్పేశాడు. గుండె నడిమధ్య చర్మం గుండ్రంగా నల్లబడి, కాయ కాసి ఉంది. “నలభై ఏళ్ళు నా తప్పెట ఈడే ఉన్నాది. తెచ్చి పెట్టి సూడండి.”

హెడ్డు గారు లోపలికెళ్ళి ఒక తప్పెట తెచ్చి ఆ మచ్చ మీద ఆనించారు. గీత గీసినట్టు సరిపోయింది.

“నీదే తాతా,” అన్నారు ఎస్సై గారు. “నేను నమ్ముతున్నాను. కానీ నగలని ఫిర్యాదు, కోర్టుకు రిపోర్టు, నా చేతులు కట్టేశాడు ఈ కుర్రాడు. సోమవారం దాకా కోర్టు లేదు. ఆర్డరు లేకుండా ఇస్తే రేపు నన్నడుగుతారు.”

“సోమారానికి పండగైపోద్ది కదా బాబూ,” అన్నాడు తాత.

ఆయన తప్పెటను ఒకసారి నిమిరి హెడ్డు గారి చేతికిచ్చేశాడు.

అప్పటికి గానీ నాన్నకు ఫోన్ చేయలేదు నేను. నాన్న ఏమన్నాడో ఇక్కడ రాయడం బాగుండదు. తెల్లవారేసరికి వచ్చేశాడు. వచ్చీ రాగానే కొట్టులో ఉన్న నూనె డబ్బాలన్నీ ఒంపించి, రేకు కత్తెరతో గుండ్రంగా కోయించి, అంచులు సుత్తితో మడతపెట్టించి పన్నెండు మూతలు తయారుచేయించాడు. నా వేళ్ళకు నాలుగు చోట్ల తెగింది. అందులో రెండు నాన్న కావాలనే తెగనిచ్చాడని నా అనుమానం.

ఆ సాయంత్రం పండగలో జట్టు నూనె మూతలతోనే ఆడింది. జనం నవ్వారు. నవ్వరా మరి? గుండెల మీద నూనె కంపెనీ బొమ్మలు, చప్పుడు చూస్తే దబ్ దబ్ మని చచ్చిన చప్పుడు. గజ్జెల్లేని కాళ్ళు నేల మీద ఉత్తినే పడుతున్నాయి. అసిరయ్య తాత రెండు చుట్లు తిరిగాడు. రేకు అంచు గీరుకుని గుండె మీద ఎర్రగా చారలు పడ్డాయి. మూడో చుట్టులో ఆగి, మూత విప్పి, అమ్మవారికి దండం పెట్టి పక్కన కూర్చున్నాడు. గుంపులో నిలబడి నేనది చూశాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

మూడు వారాలకు ఆర్డరు వచ్చింది. పూచీకత్తు సంతకం నేనే పెట్టాను. పెట్టెను నెత్తిన పెట్టుకుని మా అరుగు మీదికి తెచ్చి దించాను.

“తాతా, ఒక్కసారి ఆడు. మన బస్టాండు దగ్గరే. జనాన్ని నేను పోగేస్తాను. నీ తప్పెటతో, నీ గజ్జెలతో.”

“ఎలగ ఆడతాను బాబూ? ఆఖరిదని అమ్మోరికి సెప్పీసినాను. ఆడీసినాను కదా.”

పదకొండు తప్పెటలు జట్టువాళ్ళకు పంచేశాడు. తనది మాత్రం తుండుగుడ్డతో తుడిచి నా చేతుల్లో పెట్టాడు.

“ఇది నీ కాడ ఉంచు.”

“నా దగ్గరా? ఇంత జరిగాక కూడానా?”

“అందుకే ఉంచమంటన్నాను. నీ కాడుంటే భయం లేదు. జడ్జిగారు సెప్పేదాకా నాదన్నోడైనా ముట్టుకోలేడు.”

అరుగంతా గొల్లుమంది. నాన్న కూడా నవ్వాడు. నేను బస్తా సర్దే వంకతో లోపలికెళ్ళి, బెల్లం దిమ్మల వెనక నిలబడి ఏడ్చాను.

ఆ బెల్లం దిమ్మల సాక్షిగానే ఒక ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరి పెట్టె అయినా ఘల్లుమననీ, మియ్యావుమననీ, నా పేరు పెట్టి పిలవనీ, ఊళ్ళో ఆఖరి మనిషిని కూడా అడిగేదాకా కాగితం ముట్టనని, కలం మూత తీయనని. ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు. ఒక్క ప్రమాణానికి పడాల్సిన మార్కులన్నీ నాకు పడాలి. కానీ అసిరయ్య తాత ఆఖరి ఆట నేనా ప్రమాణం చేయడానికి మూడు వారాల ముందే, నూనె మూతలతో అయిపోయింది.