మిగిలిన గోడ

మాదాపూర్ నుంచి కోకాపేట దాకా కారులో వెళ్తుంటే నాకు భవనాలు కనిపించవు, కేసులు కనిపిస్తాయి. ఫలానా అద్దాల భవనం కింద బేస్‌మెంట్‌లో నీళ్ళు ఊరుతున్నాయని యజమాని, బిల్డరు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. దాని పక్కదాంట్లో లిఫ్టులు సకాలంలో పెట్టలేదని ఒకరి మీద ఒకరు కేసులు వేసుకున్నారు. పక్క సీట్లో కూర్చున్న చుట్టాలు ‘అబ్బ, ఊరు ఎంత ఎదిగిపోయిందో’ అని నోరెళ్ళబెడతారు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ ఏమీ అనను. పండక్కి కొత్త బట్టలు కట్టుకుని వచ్చినవాళ్ళకు రోగాల కబుర్లు చెప్పడం మర్యాద కాదు కదా.

నేను లాయర్ని. హత్యలు, విడాకులు నా దగ్గరికి రావు. కట్టడాల తగాదాలు, ప్రభుత్వ కాంట్రాక్టుల తగాదాలు చూస్తాను. చిన్నప్పుడే అనుకుని ఎంచుకున్న పని కాదిది. ఫ్యామిలీ కోర్టులో కొన్నాళ్ళు చేశాక, రోజూ ఎవరో ఒకరు నా ముందు కూర్చుని ఏడుస్తుంటే భరించలేక ఇటు వచ్చాను. సిమెంటు, ఇసుక, టెండర్లు. ఇక్కడ ఏడుపులుండవనుకున్నాను. వాదనలు చాలావరకు హోటళ్ళ మీటింగు గదుల్లో, ఏసీ చలిలో, బిస్కెట్ల ప్లేట్ల మధ్య నడుస్తాయి. కాంక్రీటు ఎంత బరువు ఓర్చుకోవాలో, ఎన్నాళ్ళు తడపాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడగలను. ఇన్నేళ్ళ వృత్తిలో తడి సిమెంటును మాత్రం చేత్తో ముట్టుకున్నది లేదు.

ఒక చిన్న కాంట్రాక్టరు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు నా గదిలోకి రాగానే నమస్కారం పెట్టలేదు. పక్కనున్న గోడను వేలి కణుపులతో టకటకా కొట్టి చూశాడు.

“ఉత్త అట్ట మేడం ఇది. గింత కిరాయి కట్టుకుంట గీ అట్ట డబ్బాల కూసుంటుండ్రా?” అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ గదికి నేను కడుతున్న అద్దె తలుచుకుంటే కోపమే ఎక్కువ వచ్చింది. కూర్చోమన్నాను.

బోరబండ మనిషి. నాకంటే ఓ పదేళ్ళు పెద్దవాడు. తాపీపనితో మొదలుపెట్టి, మేస్త్రీ అయి, తర్వాత చిన్న చిన్న ప్రభుత్వ టెండర్లు వేసుకునే కాంట్రాక్టరయ్యాడు. మోరీలు, కాంపౌండు గోడలు, బడికి రెండు గదులు, అలాంటివి. తెల్లాపూర్ దగ్గర ఒక వాననీటి నాలా పక్కన, రోడ్డు జారిపోకుండా కాంక్రీటు గోడ కట్టాడు. ఆయన చేసిన వాటిల్లో అదే పెద్ద పని. కట్టిన రెండో వానాకాలంలో ఒక రాత్రంతా కుండపోతగా కురిసింది. తెల్లారేసరికి గోడలో కొంత భాగం నాలాలో పడిపోయింది, దాంతోపాటు రోడ్డూ కుంగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. టీవీలో మాత్రం ఎర్ర అక్షరాలతో ‘నాసిరకం పనులు’ అని రోజంతా తిప్పారు. వారం తిరక్కుండా ఆ పని ఇచ్చిన శాఖవాళ్ళు అదే మాట ఆర్డర్లో రాసి ఆయన్ని బ్లాక్‌లిస్టులో పెట్టారు. ఇక ఏ ప్రభుత్వ టెండరూ వేయడానికి లేదు.

“గోడ ఎనక నీళ్ళు బయటికి పోనీకి పొక్కలు పెట్టినం మేడం. ఎనక గేటెడ్ కమ్యూనిటీ కట్టెటోళ్ళు తవ్విన మన్నంత తెచ్చి గోడకే పోసిండ్రు. పొక్కలన్ని మూసుకపొయినయ్. నీళ్ళన్ని ఆగి నూకితె ఏ గోడ ఆగుతది?” అన్నాడు.

“మీరప్పుడే శాఖకు చెప్పలేదా?”

“నోటి మాట చెప్పిన. సూద్దాం అన్నరు.”

నా వృత్తిలో నేను ఎక్కువసార్లు విన్న జవాబు అదే. ఎవరైనా నోటి మాటే చెబుతారు, ఎవరైనా చూద్దామనే అంటారు.

తర్వాత ఆయన అసలు సంగతికొచ్చాడు. పడిపోయింది కొంతే, మిగిలిన గోడ నిలబడే ఉంది. దాన్ని పరీక్ష చేయించమన్నాడు. మిషన్‌తో గోడలోంచి గుండ్రటి కడ్డీలాంటి ముక్క తీసి, ల్యాబులో నలగ్గొట్టి, ఎంత బరువు ఓర్చుకుందో చూసే పరీక్ష అది. కోర్ టెస్ట్ అంటారు.

“టెండర్లు రాకపోతె రాకపాయె మేడం. ఆ నాసిరకం అన్న మాట తీపియ్యుండ్రి. నా గోడ మంచిదని ఎవరన్న పెద్దోళ్ళతోని చెప్పియ్యుండ్రి.”

నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆయనకు ఓపిగ్గానే చెప్పాను. గోడ మంచిదా చెడ్డదా అన్న గొడవ ఎత్తితే హైకోర్టు ‘ఇది సాక్ష్యాలతో తేల్చాల్సింది, సివిల్ కోర్టుకు పొండి’ అంటుంది. అక్కడ తేలేసరికి ఆయనకు టెండర్లు వేసే ఓపిక ఉండదు. అదే, నోటీసు ఇవ్వకుండా బ్లాక్‌లిస్టులో పెట్టారన్న ఒక్క ముక్క పట్టుకుంటే చాలు. సంజాయిషీ అడగకుండా శిక్ష వేయడం చట్టం ఒప్పదు. వాళ్ళు అడగలేదు. ఇంత నున్నటి దారి ఉండగా ముళ్ళలోంచి నడవడం దేనికి?

“అదీగాక, పరీక్షలో తక్కువ వస్తే?” అన్నాను.

“రాదు,” అన్నాడు.

నా బల్లకు అవతల కూర్చున్న ప్రతి కాంట్రాక్టరూ రాదనే అంటాడు. కొందరికి తక్కువ వచ్చింది కూడా. ఆయన మొహం చూస్తే నమ్మాలనిపించింది. కానీ మొహాలు చూసి నమ్మడం మానుకున్నాకే నేను ఈ పనిలో పైకొచ్చాను. ఈ రోజు అలాంటి మనిషి వచ్చినా అదే సలహా ఇస్తాను.

కేసు నేననుకున్నట్టే నడిచింది. నోటీసు ఏదని జడ్జిగారు అడిగితే ప్రభుత్వ న్యాయవాది నీళ్ళు నమిలాడు. టీ తాగినంతసేపట్లో అయిపోయింది. ఆర్డరు కొట్టేశారు. కావాలంటే శాఖ మళ్ళీ నోటీసు ఇచ్చి విచారణ చేసుకోవచ్చన్నారు. నేను గౌను సర్దుకుంటూ బయటికి వచ్చాను. గెలిచిన రోజు నా నడకలో కొంచెం వయ్యారం ఉంటుందని మా ఇంట్లోవాళ్ళు ఏడిపిస్తారు. ఆ రోజూ ఉండే ఉంటుంది. ఆయన వరండాలో నా పక్కన నడుస్తూ అడిగాడు.

“గోడ గురించి ఏమన్నరు మేడం?”

“ఏమీ అనలేదండీ.”

“మంచిగున్నదని?”

“అనలేదు.”

“ఖరాబున్నదని?”

“అదీ అనలేదు.”

“మరి ఏం గెలిచినం మేడం?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరైనా దండం పెడతారు, స్వీటు డబ్బా తెస్తారు. “బ్లాక్‌లిస్టు పోయింది. రేపే టెండరు వేసుకోండి,” అని విసురుగా చెప్పి కారెక్కాను.

శాఖ మళ్ళీ నోటీసు ఇవ్వలేదు. ఇస్తే మట్టి ఎవరు పోశారో, ఎవరు పోయనిచ్చారో తేల్చాల్సి వస్తుంది. చేతులు దులుపుకున్నారు. కాగితం మీద ఆయన మీద ఏ మచ్చా లేదు. ఆఫీసుల్లో మాత్రం ఆయన టెండరు కనిపిస్తే ‘ఓ, ఆ గోడాయన’ అనుకునేవారట. బోరబండలో వాళ్ళ గల్లీలోనే ఒకరు ఇంటి మీద అంతస్తు వేసుకుంటూ వేరే మేస్త్రీని పెట్టుకున్నారు. ఆ రోజు ఈయన ఇంటికెళ్ళి తలుపు పక్కనున్న తన పేరు బోర్డు ఊడదీసి మంచం కిందికి నెట్టాడు. ఇవన్నీ ఆయన నాకు మళ్ళీ వచ్చినప్పుడు చెప్పాడు. ఇంకో కేసు వేయమని వచ్చాడు.

“ఏమని అడగాలి?” అన్నాను.

“నా గోడ మంచిదని చెప్పమని.”

“అలాంటి కేసు లేదండీ.”

“గంత పెద్ద కోర్టుల గది లేదా?”

లేదు. డబ్బు ఇప్పించమని అడగొచ్చు, పని ఇప్పించమనొచ్చు, ఆర్డరు కొట్టేయమనొచ్చు. ఒక మనిషి చేతి పని మంచిదని చెప్పి పంపించండి అని అడగడానికి ఏ సెక్షనూ లేదు. సొంత ఖర్చుతో పరీక్ష చేయించుకుంటానన్నాడు. గోడ ప్రభుత్వానిది, చిల్లు పెడితే ఆయన మీదే కేసవుతుంది. పర్మిషన్ అడిగితే ముగిసిన వ్యవహారమని తిప్పి పంపారు. ఆయనకిదంతా విడమరిచి చెబుతుంటే నాకే దిగులేసింది. ఏడుపులు ఉండవని వచ్చాను ఇక్కడికి. ఆయనా ఏడవలేదు. లేచి, వెళ్తూ వెళ్తూ నా అట్ట గోడను అలవాటుగా టకటకా కొట్టి వెళ్ళాడు. నాకు ఆ సాయంత్రం ఇంకో ఫైలు తెరవబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఏడాదికి కాబోలు, ఓ పొద్దున ఫోన్ చేశాడు.

“మేడం, నాలా పెద్దగ చేస్తుండ్రట. మిగిలిన గోడ గూడ ఇయ్యాల కొడ్తుండ్రు. జర వస్తరా?”

స్టే తెమ్మంటాడేమో అనుకున్నాను. “దానికి స్టే రాదండీ,” అన్నాను ముందే.

“స్టే వద్దు. ఊకె వచ్చి సూడుండ్రి.”

ఆ రోజు నాకు కోకాపేటలో ఒక టవర్ చూసే పని ఉంది. దారిలో తెల్లాపూర్ పెద్ద చుట్టేమీ కాదు. అయినా ఎందుకు వెళ్ళానంటే సూటిగా చెప్పలేను.

నాలా పక్కన దుమ్ములో తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని నిలబడి ఉన్నాడు. గోడ వెనక కమ్యూనిటీ ఇప్పుడు పూర్తయింది. ప్రహరీ అవతల పచ్చిక మీద నీళ్ళు గిరగిరా చిమ్ముతున్నాయి. ఇటు గోడ, దాని ముందు ఇనుప ముక్కు తగిలించిన జేసీబీ. నన్ను చూడగానే ఆయన గబగబా వచ్చాడు.

“మంచిగైంది మేడం, టైముకొచ్చిండ్రు. మీరు సాక్షి.”

“లాయరు తన కేసులో తనే సాక్షి కాకూడదండీ,” అన్నాను. అలవాటైన నోరు, అదే అనేసింది.

“ఇప్పుడు కేసు యాడున్నది మేడం? అయిపాయె గద. ఇగ మీరు సాక్షే.”

ఆయన పక్కకెళ్ళి నిలబడ్డాను.

ఆయన గోడ దగ్గరికి వెళ్ళి చివరిసారి కణుపులతో కొట్టి, చెవి ఆనించి విని, పక్కకు తప్పుకున్నాడు. మిషన్ మొదలైంది. ముక్కు గోడ మీద పడ్డప్పుడల్లా నా కాళ్ళ కింద నేల అదిరింది. దుమ్ము లేచింది. ఎక్కడో పగులు పట్టింది. ఇది తొందరగా పగిలినట్టా, ఆలస్యంగా పగిలినట్టా? నాకు తెలియలేదు. కాంక్రీటు మీద ఎన్ని రిపోర్టులు చదివానో, ఎంతమంది ఇంజనీర్లను బోనులో నిలబెట్టి ప్రశ్నలతో చెమటలు పట్టించానో. ఒక గోడ కళ్ళెదుట పగులుతుంటే అది గట్టిదో కాదో తెలియని మనిషిని. ఆపరేటర్ బీడీ కోసం దిగినప్పుడు వెళ్ళి అడిగాను, గోడ గట్టిగా ఉందా అని.

“మాకు గంటల లెక్క మేడం. అన్ని ఒక్కటే,” అన్నాడు.

ఆయన అప్పటికే కుప్పలోంచి ఒక ముక్క ఏరుకుని వచ్చాడు. రెండు చేతులతో పట్టుకునేంత ఉంది. ఒక పక్క కంకర, ఒక పక్క చువ్వ మొన. దాన్ని ల్యాబుకు పంపుదామా అనబోయి ఆగిపోయాను. మిషన్ దెబ్బలు తిన్న ముక్కను, ఎక్కడి నుంచి వచ్చిందో రాసివ్వని ముక్కను ఏ ల్యాబూ తీసుకోదు. తీసుకున్నా ఆ రిపోర్టు ఎవరికిస్తాం? ఆయనకూ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. ముక్క నా చేతుల్లో పెట్టాడు. బరువుగా, వెచ్చగా ఉంది.

“చెప్పుండ్రి మేడం. గిది నాసిరకమా?”

ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. తెలియదని చెప్పొచ్చు. అదే నిజం. కానీ ఇంత దూరం పిలిచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డ మనిషికి తెలియదని ఎలా చెప్పను?

“కాదండీ. గట్టి గోడ. మీరు మంచి పని చేశారు. ఎవరేమన్నా సరే, ఈ గోడ మంచి గోడ,” అన్నాను.

చెబుతుండగానే నా గొంతు నాకు వినిపించింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఎక్కడ లేవాలో అక్కడ లేచింది. ఒక్క అక్షరం తడబడలేదు.

ఆయన తల వంచుకుని, కోర్టులో విన్నట్టే చివరిదాకా విన్నాడు.

“నోటీసు గురించి గూడ గిట్లనే చెప్పిండ్రు మేడం ఆరోజు,” అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. “మంచిగ చెప్తరు మీరు.”

నా చేతుల్లోంచి ముక్క తీసుకున్నాడు. వెళ్ళి కుప్పలో మిగతా ముక్కల పక్కన పెట్టి వచ్చాడు. మిషన్ మళ్ళీ మొదలైంది. ఆ కుప్పలో ఆయన నా చేతికిచ్చిన ముక్క ఏదో, కారు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, నేను పోల్చుకోలేకపోయాను.