స్కోప్‌లో కనిపించిన కాలువ

దూరపు గురికి స్కోప్ కొంటే ఎక్కువ పవర్ ఉన్నదే కొనాలని నా పట్టుదల. పెద్ద నంబరు దొరుకుతుంటే చిన్నది ఎవరైనా కొంటారా? కాకినాడ అవతల మా రైఫిల్ క్లబ్బు రేంజిలో, కోచ్ గారు రెండు స్కోపులను ఊక నింపిన సంచుల మీద ఆనించి, నన్నే చూసుకోమన్నారు. ఎండ మండిపోతోంది.

ముందు పెద్దదాంట్లోంచి చూశాను. టార్గెట్ బోర్డు బాగా దగ్గరికొచ్చింది గానీ, గంజి ఉడికినట్టు కుతకుతలాడుతోంది. నడిమి చుక్క ఎక్కడుందో తెలియలేదు. ఒళ్ళు మండి రెండోదాంట్లో కన్ను పెట్టాను. బోర్డు చిన్నదే అయినా చుక్క స్పష్టంగా ఉంది. దాని ముందు నిండుగా నీళ్ళు పారుతున్నాయి.

"వేసవికి కాలువలు కట్టేశారు కదండీ, అప్పుడే వదిలేశారేంటి?" అన్నాను.

ఆయన నవ్వారు. "నీళ్ళు కాదండీ, అది వేడి గాలి. పెద్దదాంట్లో కుతకుతలాడిందీ అదే, పవర్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఎటు పారుతోందో చూసుకోండి. మీ బుల్లెట్టుని అటే తోస్తుంది."

తలెత్తి చూశాను. ఎదురుగా నెర్రెలిచ్చిన నేల. ఒక్క గడ్డిపోచ కూడా కదలడం లేదు. మళ్ళీ కన్ను పెట్టాను. పడమటి నుంచి తూర్పుకి, గట్లు లేని కాలువ.

చిన్నదే తీసుకుంటానన్నాను గానీ, దాని ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ ప్రవాహంలోనే మునిగి తిరుగుతున్నాను.