అయ్యగారి పిల్లలు బడికెళ్ళని రోజులు

మా ఆయన రాజమండ్రిలో పాస్టర్ల కూడికల నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, భుజం మీద సంచీ దించకుండానే, "పిల్లల్ని బడి మానిపిద్దాం" అన్నారు. నేను పెరట్లో చేపలు తోముతున్నాను. సరిగా వినపడలేదేమో అనుకుని, "ఏంటండీ?" అన్నాను.

"పిల్లల్ని దేవుడు మనకిచ్చాడు గాని బడికివ్వలేదు. వాళ్ళకి చదువు చెప్పాల్సింది మనమే. ఇంట్లోనే చెబుదాం."

"ఎవరు చెప్తారు?"

"మనమే."

ఆ 'మనమే'లో ఆయన వంతు ఎంతో, నా వంతు ఎంతో నాకు అప్పుడే అర్థమైంది. చేతులు కడుక్కుని లోపలికెళ్ళి కాఫీ పెట్టాను.

అప్పటికి తొంభైలు ముగింపుకొస్తున్నాయి. భీమవరానికి దిగువన ఒక పల్లెలో మా ఆయన పాస్టరు. ఊరంతా రొయ్యల చెరువులు. మా సంఘం మాత్రం ఊరి చివర పేటలో ఉండే కూలీల కుటుంబాలు. మందిరం వెనకే మాకు రెండు గదుల ఇల్లు. పెద్దమ్మాయి ఐదో తరగతిలోకి, పిల్లాడు మూడో తరగతిలోకి వస్తున్నారు. ఇద్దరూ ఊళ్ళో కాన్వెంటుకి వెళ్ళేవారు. అక్కడ ఎక్కం మర్చిపోయాడని పిల్లాడి చేత గోడ కుర్చీ వేయించడం, వాడు ఇంటికొచ్చి బూతులు మాట్లాడడం మా ఆయన మనసులో ముందునుంచే ఉన్నాయి. రాజమండ్రిలో ఎవరో పెద్దాయన, పిల్లల పెంపకానికి రేపు దేవుడి ముందు లెక్క చెప్పాల్సింది టీచర్లు కాదు, తల్లిదండ్రులే అని బోధించారట. ఆయన చెప్పింది తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కాకపోతే ఆ బోధ విన్నవాళ్ళకి పొయ్యి మీద అన్నం పొంగుతుండగా భిన్నాలు చెప్పే పని పడి ఉండదు.

వేసవి సెలవులయ్యాక పిల్లలు బడికి వెళ్ళలేదు.

పొద్దున్నే ప్రార్థన, వాక్యం మా ఆయన చెప్పేవారు. అది బాగా చెప్పేవారు, పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. ఆ తర్వాత సైకిలెక్కి ఎవరింట్లోనో జ్వరమనీ, ఎవరింట్లోనో గొడవనీ వెళ్ళిపోయేవారు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు అన్నీ నేనే. నేను జంగారెడ్డిగూడెంలో ఇంటర్ చదివాను. చదివి పన్నెండేళ్ళు దాటిపోయింది. ముందు రాత్రి పుస్తకం తిరగేసుకుని పొద్దున్న చెప్పేదాన్ని. చాప పరిచి ఇద్దర్నీ కూర్చోబెట్టానో లేదో, "వందనాలండమ్మగారూ" అంటూ ఎవరో ఒకరు వచ్చేవారు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, గోడు విని, ప్రార్థన చేసి పంపి తిరిగొచ్చేసరికి పిల్లాడు పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయేవాడు. కాలవలు కట్టేసిన రోజుల్లో మంచినీళ్ళ చెరువు నుంచి నీళ్ళు మోసుకొచ్చి, పటిక వేసి తేర్చుకోవాలి. కరెంటు ఉండేది కాదు. ఒక చేత్తో విసనకర్ర, ఒక చేత్తో పలక.

మంచి రోజులు లేవని కాదు. మా అమ్మాయి చదువుకుపోయింది. కాన్వెంటులో అర్థం తెలియకుండా బట్టీ పట్టిన పాఠాలన్నీ మళ్ళీ అడిగి అడిగి తెలుసుకుంది. కాలవ గట్టు మీద నడుస్తూ తూము దగ్గర నీళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూపించి పాఠం చెప్పిన సాయంత్రం నాకింకా బాగా గుర్తుంది. పిల్లాడు మాత్రం ఇంటి ముందు గేటు పట్టుకుని బడికెళ్ళే పిల్లల్ని చూస్తూ నిలబడేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు, వచ్చి ఏడ్చేవాడు కూడా కాదు. అది చూడ్డం ఇంకా కష్టంగా ఉండేది.

రెండో ఏడు జూన్ వచ్చింది. ప్రతి జూన్‌లోనూ మా ఆయన పేటలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బళ్ళో చేర్పించేవారు. ఆ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ అలవాటు. బలవంతాన ఒప్పించి, తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన పిల్లలున్నారు. ఆ ఏడు కూడా తిరిగారు. పేటవాళ్ళు ఎప్పట్లాగే "అలాగేనండయ్యగారూ" అన్నారు.

మందిరం ఊడ్చే ఆవిడకి ఒక్కతే కూతురు. మొగుడు లేడు. ఆ పిల్ల మా అమ్మాయి ఈడుదే. ఆదివారం ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాల్సిన పిల్ల రెండు ఆదివారాలు వరసగా మందిరానికి రాలేదు. వాళ్ళమ్మని అడిగితే ఒంట్లో బాగాలేదంది. మూడో ఆదివారం ఆ పిల్ల వచ్చింది. పాటల పుస్తకం అందిస్తే పట్టుకోలేకపోయింది. వేళ్ళు తెల్లగా నాని, చివర్లు పగిలి ఉన్నాయి. చేతులు లంగా మడతల్లో దాచుకుంది.

"ఏమైందమ్మా చేతులకి?" అన్నాను.

"ఐసండి" అంది తల దించుకుని. "రొయ్యల షెడ్డులో."

ఆ సాయంత్రం మా ఆయన, నేను వాళ్ళింటికి వెళ్ళాం. ఆవిడ నులక మంచం దులిపి వేసింది. మా ఆయన కూర్చోలేదు.

"పిల్లని రొయ్యలు వొలవడానికి పంపుతున్నావా? బళ్ళో వేస్తానన్నావు కదమ్మా."

ఆవిడ నా వైపు తిరిగి అంది. ఆయన మొహం చూసి అనలేక కాబోలు.

"ఏమనుకోకండమ్మగారూ. అయ్యగారు తవరి పిల్లల్నే బళ్ళోంచి తీసేసేరు గదండీ. బడి అంత మంచిదైతే తీసేత్తారేంటండీ? నేనొక్కదాన్నే అనుకోటం లేదండి. పేటలో అందరూ అదే అనుకుంటన్నారు."

"మేం చదువు మానిపించలేదు. ఇంట్లో చెబుతున్నాం" అన్నారు మా ఆయన.

"తవరు చదువుకున్నోరండీ. ఇంట్లో చెప్పుకుంటారు. మాకేం వచ్చండీ చెప్పడానికి? రొయ్యలు వొలవడం వచ్చు. అదే చెప్తన్నాను."

ఎత్తిపొడుపు కాదు. నిజంగా అలాగే అనుకుంటోంది. మేం చేస్తున్నదే తనూ చేస్తున్నానని అనుకుంటోంది.

దారిలో ఆయన సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వచ్చారు. ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చుని అన్నం కలిపారు.

"మనది వేరు, వాళ్ళది వేరు" అన్నారు.

"వేరని మనకి తెలుసండీ. వాళ్ళకి కనపడేది గేటు లోపల ఆగిపోయిన పిల్లలే."

"నీకు ముందునుంచీ ఇష్టం లేదు."

"ఇష్టం లేదని కాదు. ఓపిక లేదు."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. అనేశాక నాకే ఆశ్చర్యమేసింది. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "ముందే చెప్పకపోయావా" అన్నారు. చెబితే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

తర్వాతి ఆదివారం వాక్యం అయ్యాక ఆయన బల్ల దగ్గరే నిలబడ్డారు. "తండ్రిగా నా బాధ్యత నా పిల్లలతో ఆగిపోతుందనుకున్నాను. ఇది మీ అందరి పిల్లల సంగతి కూడానని నాకు తోచలేదు. రేపు మా పిల్లల్ని ప్రభుత్వ బళ్ళో చేరుస్తున్నాను. మీ పిల్లలు కూడా నాతో రావాలి" అన్నారు. పెద్దావిడ ఒకామె "స్తోత్రం" అంది.

సోమవారం పొద్దున్న ఊడ్చే ఆవిడ గుమ్మం ముందు ఆ పిల్ల నిలబడి ఉంది, తలకి నూనె రాసుకుని. వాళ్ళమ్మ మాత్రం, "తవరి అమ్మాయిగారితో పాటే ఎల్తే పంపుతానండి. ఆ అమ్మాయి మానేత్తే ఇదీ మానేత్తది" అని ముందే చెప్పింది.

హైస్కూలు హెడ్మాస్టరు గారు టీసీ చూసి, "మధ్యలో ఏడాది ఎక్కడ చదివిందండీ?" అన్నారు.

"ఇంట్లో అండి."

"ఎవరు చెప్పారు?"

మా ఆయన నా వైపు చూశారు. హెడ్మాస్టరు గారు మా అమ్మాయి చేత ఒక పేజీ చదివించి, రెండు లెక్కలు చేయించి, "బాగానే చెప్పారమ్మా" అన్నారు. ఆ ఏడాదంతటికీ నాకు దక్కిన మెప్పు అదే. ఇద్దరాడపిల్లల్నీ ఆరో తరగతిలో రాసుకున్నారు. పిల్లాణ్ణి పేటలో చిన్న బళ్ళో వేశాం. వాడు తరగతిలోకి పరుగెత్తుకు వెళ్ళాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. చాప పరుచుకుని పడుకున్నాను. చాలా కాలానికి పగటి పూట నిద్ర పట్టింది.

పని తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆ పిల్లకి ఐదో తరగతి లెక్కలే రావని తేలింది. సాయంత్రాలు మా అమ్మాయితో పాటు దాన్నీ కూర్చోబెట్టుకున్నాను. వేళ్ళు మానేదాకా పెన్సిలు పట్టుకోలేకపోయేది, నోటితోనే చెప్పించేదాన్ని. దాన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు వచ్చారు. ఇల్లు చాలక మందిరం అరుగు మీదికి మార్చాం. మా ఆయన కూడా అప్పటినుంచి సాయంత్రాలు సైకిల్ తీయడం తగ్గించి ఇంగ్లీషు చెప్పేవారు. ఇద్దరికి చెప్పి అలసిపోయానన్న దాన్ని అరుగు నిండా పిల్లలకి చెప్పాను. మేం ఆ ఊరి నుంచి బదిలీ అయ్యేదాకా అలాగే సాగింది.

ఆ పిల్ల పదో తరగతి మొదటిసారి లెక్కల్లో తప్పింది, మళ్ళీ రాసి పాసయింది. తర్వాత పెళ్ళి చేసేశారు. గొప్పగా ఏమీ మారిపోలేదు. షెడ్డుకి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.

మా పిల్లలిద్దరూ పెద్దవాళ్ళయ్యారు. ఇంట్లో చదివిన ఆ ఏడాది ప్రస్తావన వస్తే మా అమ్మాయి, "అంత బాగా ఇంకెప్పుడూ చదువుకోలేదమ్మా" అంటుంది. మావాడు, "నన్ను జైల్లో పెట్టారు" అంటాడు. మా ఆయన నవ్వి ఊరుకుంటారు. ఇద్దరికీ చెప్పింది ఒకే ఏడాది, ఒకే గదిలో, ఒకే మనిషి. ఎవరి మాట నిజమని నన్ను అడుగుతారు. ఇద్దరిదీ నిజమే అయ్యుంటుందని చెప్పి, అన్నాలకి లేవమంటాను.