ఆగితే వణికే బండి

మా మామను డయాలసిస్‌కు తీసుకెళ్లేది నేనే. ఆయన కొడుకు, అంటే నా భర్త, పవర్‌లూమ్ వదిలి రాలేడు. మేముండే భవాని పేట్ నుంచి హోట్గి రోడ్ వైపున్న ఆసుపత్రి దాకా మా పాత డీజిల్ కారు పరుగెత్తుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఎక్కడైనా ఆపితే మాత్రం చలిజ్వరం పట్టినట్టు వణికేది. ఒక్కోసారి ఆగిపోయేది. మళ్లీ స్టార్ట్ చేసి తొక్కితే వెనక నల్లటి పొగ.

మా గల్లీలో ఇళ్ల ముందే నూలు ఆరేస్తారు. ఒకరోజు ఎదురింటి అత్త బీడీల చాట పక్కన పెట్టి మరీ లేచి వచ్చింది.

"ఏందే ఈ ధూర్, ఇంత పొగ? తెల్ల నూలంత కరాబైతున్నది. నీ బండి గల్లీ బయట పెట్టుకో!"

ఆమె అన్నది నిజమే. ఆ రోజు నుంచి కారు గల్లీ బయటే పెట్టాను. అడుగు తీసి అడుగు వేయలేని మామను అక్కడి దాకా నడిపించాల్సి వచ్చేది.

మెకానిక్ మొదట డీజిల్ ఫిల్టర్ మార్చాడు. తగ్గలేదు. తర్వాత కంప్యూటర్ తగిలించి, ఇంజిన్‌లోకి గాలి తక్కువ పోతోందని, గాలిని కొలిచే సెన్సర్ శుభ్రం చేశాడు. ఇక బాగైందనే అనుకున్నాను.

మరుసటిసారి ఆసుపత్రి నుంచి వస్తుంటే చౌరస్తా నడిమధ్యలో ఆగిపోయింది. వెనక సిటీ బస్సు హారన్. తాళం తిప్పుతున్నాను, అంటుకోదు. వెనక సీట్లో సోలిపోయి ఉన్న మామ తలుపు తెరవబోయాడు.

"నేను దిగి తోస్త బిడ్డా."

"మీరు కదలకుండ్రి మామా!" అని అరిచాను. ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు. దారిన పోయేవాళ్లు కారును తోసి పక్కకు పెట్టారు. చాలాసేపటికి గానీ మళ్లీ స్టార్ట్ కాలేదు.

మామను ఇంట్లో పడుకోబెట్టి తిన్నగా గ్యారేజీకి వెళ్లాను. కూర్చోబుద్ధి కాలేదు. కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"వైని, జర కూసో. నువ్విట్ల తిరుగుతుంటే నాకు పరేషానైతున్నది," అన్నాడు మెకానిక్. మా దగ్గర వదినను వైని అనే పిలుస్తారు.

"ఎట్ల కూసుంట అన్నా? ఉరికేటప్పుడు మంచిగనే ఉంటది. మెల్లగైతేనే బంద్ పడుతది. ఎందుకట్ల?"

అతను వచ్చి బానెట్ మీద చేతులు పెట్టాడు.

"పొగల కొంచెం మళ్ల ఇంజన్లకే పోతది. దానికో వాల్వ్ ఉంటది, ఈజీఆర్ అంటరు. అది మూసుకుంటలేదేమో. బండి మెల్లగున్నప్పుడు గాలి తక్వ, పొగ ఎక్వ. ఊపిరాడదు. ఆగు, అదో కాదో పక్కా జేసుకుందం."

చిన్న రేకుముక్క కత్తిరించి ఆ పొగదారికి అడ్డం పెట్టి స్టార్ట్ చేశాడు. నేను బానెట్ మీద అరచేయి ఆనించాను. పిచ్చి వణుకు పోయింది. ఎంతసేపు ఉంచినా ఇంజిన్ ఆగిపోలేదు.

"ఇట్లనే ఉంచుదమా వైని? చానామంది ఇట్లనే తిప్పుతరు."

"వద్దన్నా. అడ్డం పెట్టుడు కాదు, బాగు చెయ్యి."

వాల్వ్ విప్పితే లోపల తారులా మసి గడ్డకట్టి ఉంది. గీకి కడిగాక కూడా అది సగంలోనే ఇరుక్కుంటోంది. కొత్తది తెప్పించి వేశాడు.

తర్వాత ఎన్ని సిగ్నళ్ల దగ్గర ఆగినా ఇంజిన్ ఆగలేదు. మళ్లీ ఆగిపోతుందేమోనని నా కాలు మాత్రం యాక్సిలరేటర్ మీద నుంచి కదిలేది కాదు. మామ అది చూశాడేమో, ఆసుపత్రి లేని ఒకరోజు పొద్దున్నే అంగీ తొడుక్కుని వచ్చాడు.

"బండి మంచిగైంది గద బిడ్డా. కుంభారి పోదమా? ఆడ మా చెల్లె కొత్తిల్లు ఇంకా సూడలే."

దారి పొడవునా నా చెవి ఇంజిన్ మీదే ఉంది. ఆయన మాత్రం అద్దం దించి, గాలికి ముఖం పెట్టి, కనిపించిన పొలమల్లా ఎవరిదో చెబుతూనే ఉన్నాడు.