తలదిక్కు తాడు

మా పెద్దబాపు పోయాడన్న కబురు పోయిన వారం, ఇచ్చోడలో నేను దుకాణం తెరుస్తుండగా వచ్చింది. "మీ పెద్దబాపు లేస్తలేడురా" అన్నది పెద్దమ్మ ఫోన్లో. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. ఆయన్ను సమాధిలోకి దింపేటప్పుడు తలవైపు తాడు నేనే పట్టాలని ఆయన ఎప్పుడో తేల్చేశాడు.

బోథ్ దగ్గరి మా ఊళ్లో చర్చికి వచ్చే కుటుంబాలు కొన్నే. వాటిలో ఎవరు పోయినా శవం పెట్టెను సమాధిలోకి దింపేవి మా పెద్దబాపు పేనిన తాళ్లే. తొలకరికి ఆయన పొలంలో జనుము చల్లేవాడు. పచ్చగా పూత పట్టగానే దాన్ని దున్ని ఎరువుగా మట్టిలో కలిపేసేవాడు. గట్టు వెంట కొన్ని సాళ్లు మాత్రం నార కోసం ఉంచేవాడు. ఎండిన కాయలు గాలికి గలగలమంటే పామనుకుని చిన్నప్పుడు నేను చెప్పులు వదిలేసి ఉరికేవాణ్ని.

"గింజల సప్పుడుకే గింత ఉరికితే ఎట్ల బతుకుతవ్ రా?" అని నవ్వేవాడు.

ఆ జనుము కట్టెను వాగులో నానబెట్టి, నార ఒలిచి, ఉతికి ఆరేసి, వసారాలో కూర్చుని పేనేవాడు. తాళ్లను అక్కడే దూలానికి వేలాడదీసేవాడు. అవి పెట్టెలు దింపే తాళ్లని తెలిశాక నేను ఆ వసారాలో అడుగుపెడితే ఒట్టు. పెద్దమ్మ అన్నం పెడితే వాకిట్లోనే తినేవాణ్ని.

ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు ఒక ముసలమ్మను బజారులో కొన్న ప్లాస్టిక్ తాళ్లతో దింపారు. తడి చేతుల్లో తాడు జారి, పెట్టె తలవైపు ధడేల్మని పడింది. ఆమె కూతురు పెట్టిన కేక నాకిప్పటికీ వినిపిస్తుంది. తిరిగొచ్చి సంగతి విన్న పెద్దబాపు దూలం మీది తాళ్లను ఒక్కొక్కటే లాగి చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నన్ను దింపేటప్పుడు తలదిక్కు నువ్వే పట్టాలె."

"నాకు భయం పెద్దబాపూ, నాతోని కాదు."

"అందుకే నువ్వు. ధైర్యమున్నోడు ముచ్చట పెట్టుకుంట తాడు పడతడు. భయమున్నోడు ఇడువడు."

ఊరంతా పిరికోడని నవ్విన నన్ను, ఆ పిరికితనం కోసమే ఏరుకున్నది ఆయనొక్కడే.

ఆయన్ను దింపే రోజు ముసురు పట్టింది. సమాధి గట్టంతా బురద. పెద్దమ్మ తానే దూలం మీది తాళ్లు దించి నా చేతికిచ్చింది.

"జర మెల్లగ బిడ్డా. నడుము నొప్పి మనిషి."

పాదం ఒకసారి జారింది. తాడు అరచేతిని కోస్తుంటే కళ్లు మూసుకుని, కొంచెం కొంచెంగా వదులుతూ పోయాను. ఏ చప్పుడూ కాలేదు. ఎదుటి కొస పట్టినాయన, "ఇగ ఇడువు తమ్మీ, పెద్దాయన చేరిండు" అన్నాడు. నా వేళ్లు విచ్చుకోలేదు. ఆయనే ఇవతలికొచ్చి ఒక్కొక్క వేలూ విప్పాడు.

ఆ తాళ్లు ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేనే తెచ్చి, కడిగి, ఆరబెట్టి మా ఇంటి వసారాలో వేలాడదీశాను. వాటి కింద నుంచి నడవాలంటే నాకింకా భయమే. మా చిన్నబిడ్డయితే అటు రానే రాదు. ఇప్పుడు కూడా వాకిట్లో కూర్చుని, చూపు దూలం మీదే ఉంచి, ఎడమచేత్తో గిన్నెను వదలకుండా గట్టిగా పట్టుకుని అన్నం తింటోంది.