ఇరవై నాలుగు గ్లాసులు, ఒక సోని

అరకు నుంచి జీపులో గంట ప్రయాణం, దిగాక కొండెక్కడం ముప్పావు గంట. ఆ కొండ మీద ముప్పై గడపల ఊళ్ళో సరళ కాఫీ రైతు. ఎకరన్నర కాఫీ, నీడ చెట్లకు అల్లుకున్న మిరియాలు, కింద రాగులు పండే కాస్త చోడి చేను, భీముడనే భర్త. ఈ నాలుగింటినీ ఆమె సమర్థంగానే నడుపుతోంది. లొంగనిది ఐదోది. ఆ ఊరి రేకుల చర్చిలో ఆమె పదకొండేళ్ళుగా సండే స్కూల్ టీచరు. ఆ హోదా రీత్యా, ఏటా క్రిస్మస్‌కి పిల్లల బహుమతులు ఎంచే భారం ఆమెది.

ఈ పదవికి జీతం లేదు, అధికారం లేదు. ఫిర్యాదులు మాత్రం ఊళ్ళోని అన్ని గడపల నుంచీ, చర్చి ముఖం చూడని గడపల నుంచి కూడా, క్రమం తప్పకుండా అందుతాయి.

పిల్లలు ఇరవై నలుగురు. బహుమతికి తలా నలభై రూపాయలు. అందరికన్నా చిన్నవాడు బుధు. రెండేళ్ళు నిండలేదు, చేతికందినదల్లా నోట్లో పెడతాడు. పెద్దవాడు గోపి, పదిహేను, తనకు మీసం వచ్చేసిందని అతనొక్కడే నమ్ముతున్నాడు. మధ్యలో వాళ్ళ వయసులు తేల్చడం చరిత్ర పరిశోధకుల పని. బడి రిజిస్టరు ప్రకారం అందరూ జనవరి ఒకటినే పుట్టారు. తల్లుల్ని అడిగితే, "పెద్ద తుపానుకి కాఫీ మొక్కలన్నీ పడిపోనాయి కదా, ఆ మరసటేడు" అంటారు. ఆట సామాను డబ్బా మీద మాత్రం, ఎవరో నిశ్చింతగా, "మూడు నుంచి ఆరేళ్ళ వారికి" అని అచ్చు వేయించి ఉంటారు.

మొదటి ఏడు సరళ బంతులు ఇచ్చింది. ఊరు కొండవాలు మీద ఉంది. అరగంటలో బంతులన్నీ లోయలోకి దొర్లిపోయాయి. కింది ఊరి పిల్లలు కృతజ్ఞతతో చాలాకాలం ఆడుకున్నారు. రెండో ఏడు ఈలలు ఇచ్చింది. భీముడు మూడు రోజులు చేలోనే వండుకు తిన్నాడు. రంగు పెన్సిళ్ళ ఏడు ఒక పిల్లాడు ఆకుపచ్చ రంగంతా తినేశాడు. వాడికేమీ కాలేదు గానీ, సరళకు రెండు రోజులు అన్నం సహించలేదు.

అయినా ఇవన్నీ పోయిన ఏడాది ముందు దిగదుడుపే.

పోయిన ఏడాది ఆమె బాగా ఆలోచించి చేసింది. అంతటి అనర్థం ఆలోచించకుండా చేయడం ఎవరి తరమూ కాదు. ఎనిమిదేళ్ళు దాటిన ఆడపిల్లలందరికీ సీతాకోకచిలుకల తలక్లిప్పులు కొని, రంగు కాగితంలో చుట్టి, పేర్లు రాసి, నవంబరులోనే కట్ట కట్టి పెట్టింది. నవంబరులో సోనికి నడుము దాకా జడ. డిసెంబరు మూడో వారంలో పేలు పట్టి, తల పుండ్లు పడి, తల్లి కనక గుండు చేయించింది. సరళకు ఆ గుండు కనిపించింది. ప్యాకెట్ గుర్తు రాలేదు.

చర్చిలో అందరి ముందూ సోని కాగితం విప్పింది. క్లిప్పులు. చర్చి అంతా గొల్లుమంది. "గమ్ముతో అతికించుకోయే!" అన్నాడు గోపి. సోని ఏడవలేదు, నవ్వలేదు. క్లిప్పులు గుప్పిట్లో పట్టుకుని బయటికి నడిచింది. మళ్ళీ ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఏడాది గడిచింది.

రావడం మానేసిన పిల్ల మామూలు పిల్ల కాదు. తక్కిన ఇరవై ముగ్గురూ పాఠం అయ్యాక బిస్కెట్ కోసం చూస్తారు. సోని చెయ్యెత్తుతుంది. జలప్రళయంలో జీవులన్నీ జంటలుగా ఓడెక్కిన పాఠం నాడు తొమ్మిదేళ్ళ సోని ఆఖరుసారి అడిగిన ప్రశ్న, "టీచరమ్మా, నోవహు ఓడలోకి పేలు కూడా రెండేనా ఎక్కినాయి?" జవాబు వచ్చే వారం చెబుతానని సరళ మాట ఇచ్చింది. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు.

కనకది పక్క వాలు తోట. సరళకు వరసకు మరదలు. ఇద్దరూ ఒకే గట్టుకు అటూ ఇటూ కాఫీ పళ్ళు కోస్తారు. అంతకుముందు వాళ్ళ కబుర్లకు పిట్టలు కొమ్మ మీద వాలేవి కావు. ఇప్పుడు బుట్టలో పండు పడే చప్పుడు కూడా వినిపిస్తోంది. సరళ ముఖం చెల్లక మాట్లాడలేదు. కనక మాట్లాడలేదంటే కారణం అడగాలా?

ఈ డిసెంబరులో సరళ భర్తతో తేల్చి చెప్పింది. "ఈసారి ఆ సోని గుంట వచ్చి తన చేత్తో తీసుకోకపోతే, నేను సండే స్కూలు మానేత్తాను."

"మానేత్తానని ఏటా అంటన్నావు," అన్నాడు భీముడు.

"ఈసారి నిజంగా."

"అదీ అంటన్నావు."

శుక్రవారం సరళ సంతకు దిగి, జగదీష్ ఫ్యాన్సీ కొట్టు మెట్లెక్కింది.

"ఏటి కావాలి టీచరమ్మా?"

"రెండేళ్ళోడు మింగకూడదు. పదిహేనేళ్ళోడు సిగ్గుపడకూడదు. దొర్లకూడదు, మోగకూడదు, రంగు అంటకూడదు. తల మీద పెట్టుకునేది అసలు సూపించకు."

జగదీష్ గడ్డం గోక్కున్నాడు. "అంటే ఇటుక."

"నలభైలో రావాల."

"అయితే అర ఇటుక."

ఆ తరువాత రెండు గంటలు అతను కొట్టంతా కిందికి దించాడు. బొమ్మ కారు: చక్రం ఊడింది, బుధు గొంతు గుర్తొచ్చింది. డ్రాయింగ్ పుస్తకం: గోపి ముఖం గుర్తొచ్చింది. బుడగలు ఊదే సీసా: చర్చి నేల గుర్తొచ్చింది. ఈలోగా పాస్టరు స్వామిగారు ఫోన్ చేశారు.

"బహుమతిలో ఒక సందేశం ఉండాలమ్మా."

"పోయినేడు క్లిప్పుల్లో ఉన్నాది కదా అయ్యగారూ. బాగా అందింది."

స్వామిగారు ప్రార్థన చేసుకోవాలంటూ ఫోను పెట్టేశారు.

కొట్టు దిగేసరికి ఎదుటి స్టీలు సామాన్ల దుకాణంలో ఎవరి పెళ్ళి బిందె మీదో పేరు చెక్కుతున్న మెషీను జుయ్యిమంటోంది. సరళ అక్కడే ఆగిపోయింది. గ్లాసు! రెండేళ్ళవాడూ తాగుతాడు, పదిహేనేళ్ళవాడూ తాగుతాడు. మింగుడు పడదు. అందరికీ ఒకే సైజు, కాబట్టి వాడిది పెద్దది నాది చిన్నది అనే దావా నిలవదు. ఒక్కోటి ముప్పై ఎనిమిది. ఇరవై దాటితే పేర్లు ఉచితం.

చెక్కేవాడు ఒక్కో గ్లాసూ ఒడిలో పెట్టుకుని పేరు అడగసాగాడు. బుధు. వెన్నెల. ఫల్గుణ. గోపి. అలా ఇరవై మూడు అయ్యాయి. ఇరవై నాలుగో గ్లాసు దగ్గర సరళ నోరు ఆగింది. కాగితం ముక్క మీద పేరైతే చింపి ఇంకొకరికి ఇవ్వొచ్చు. స్టీలు మీద చెక్కాక ఆ పిల్ల రాకపోతే, ఆ గ్లాసు ఈ భూమి మీద ఇంకెవరికీ పనికిరాదు. తన ఇంట్లో, అటక మీద, తను చచ్చేదాకా ఉంటుంది.

"బేగి సెప్పమ్మా. ఎనకాల పెళ్ళోళ్ళు ఉన్నారు."

"సోని," అంది సరళ. మెషీను జుయ్యిమంది.

క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక, పశువుల పాక బొమ్మ పక్కన బల్ల మీద గ్లాసులు వరసగా పెట్టి ఆమె పేర్లు పిలవడం మొదలుపెట్టింది. బుధు గ్లాసు అంచు కొరికి చూసి, ఓటమి ఒప్పుకోక మళ్ళీ కొరికాడు. గోపి, "గ్లాసేటి టీచరమ్మా, నేనేటైనా ముసిలోడినా?" అన్నాడు గానీ, పేరు లోతుగా చెక్కారో లేదో గోటితో గీరి చూసుకున్నాడు. చివరికి బల్ల మీద ఒక్క గ్లాసు మిగిలింది.

"సోని."

ఎవరూ లేవలేదు.

"సోని." ఈసారి ఎవరో దగ్గారు.

స్వామిగారు జాలిపడి ముగింపు ప్రార్థనకు లేచి నిలబడ్డారు. సరళ ఆయన వైపు చూసిన చూపుకు ఆయన మళ్ళీ కూర్చున్నారు. "సోని!" అంది ఆమె, మూడోసారి, కొండకు వినపడేంతగా.

గుమ్మంలో రాజులమ్మ కనిపించింది. కనక అత్తగారు. పాత దేవతల మనిషి. పదకొండేళ్ళలో ఆ గడప ఎక్కలేదు. ఆమె చెయ్యి పట్టుకుని సోని, వెనకాల కనక. సోని జుట్టు చెవులు దాటింది. దానికి చెరోపక్కా ఒక సీతాకోకచిలుక.

"ఇన్నాళ్ళూ ఏమైపోనావే?" అంది సరళ.

"జుట్టు రాలేదు టీచరమ్మా."

రాజులమ్మ అడ్డం వచ్చింది. "నేనే ఆపినాను. కొత్త సిక్కుడుకాయైనా, కొత్త మామిడికాయైనా, దేవుడికి పెట్టకుండా మనం నోట్లో పెడతామేటి? కొత్త సామానూ అంతే. ఇచ్చిన సోటే ముందు పెట్టుకోవాల. పెట్టుకోడానికి దీనికి జుట్టేదీ? ఉత్త తలకాయతో వత్తే ఇచ్చినోళ్ళకి ఏటి మర్యాద?"

"ఏడాదా మామ్మా!"

"ఆగస్టులో పెట్టి సూసినాం," అంది సోని. "జారిపోనాయి. దసరాకి కుడిపక్కది నిలబడింది. మామ్మ తల ఊపమంది. పడిపోనాది."

సరళ కనక వైపు తిరిగింది. "నువ్వైనా ఒక్కమాట సెప్పొచ్చు కదే!"

"నువ్వు మాటాడ్డం మానేసినావు కదా వదినా," అంది కనక. "ఇచ్చినవి పెట్టుకోనేదని కోపమొచ్చిందనుకున్నాను."

ఒకే గట్టుకు అటూ ఇటూ ఏడాది పాటు మాటల్లేకుండా పని చేసిన ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తెలివితక్కువ మనిషో తేల్చుకోవడానికి ఆ చూపు చాలలేదు. ఆ చర్చ ఫిబ్రవరి దాకా, కోత అయ్యేదాకా, గట్టు మీద నడిచింది.

సోని వచ్చి గ్లాసు తీసుకుంది. తన పేరు చూసుకుంది. అంతలో రాజులమ్మ కళ్ళు తక్కిన ఇరవై మూడు గ్లాసుల మీద పడ్డాయి.

"ఇవీ కొత్తవేనా?"

"కొత్తవే మామ్మా."

"అయితే ఇక్కడ తాగకుండా ఇంటికెలా పట్టుకెల్తారు?"

గుమ్మం దాటబోతున్న పిల్లలంతా ఆగిపోయారు. స్వామిగారు బైబిలు వాక్యంలో అడ్డు ఏమైనా ఉందేమో అని ఆలోచించారు, దొరకలేదు. కాఫీ పండించి అమ్ముకునే ఆ ఊళ్ళో తాగేది టీ. ఇరవై నలుగురికి సరిపడే టీ గిన్నె మాత్రం ఒక్క ఇంట్లోనూ లేదు. సరళ మూడు ఇళ్ళ నుంచి మూడు గిన్నెలు తెచ్చి, చర్చి వెనక మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, పండగ చీర కొంగు నడుముకు దోపి, బెల్లం టీ కాచింది. పొగ కళ్ళల్లోకి పోయింది. కళ్ళు తుడుచుకుంటే పొగే అనుకున్నారు అందరూ.

పోసిన రెండో నిమిషం నుంచి ఫిర్యాదులు. స్టీలు కాలిపోతోంది. ఎవరికీ పట్టుకోవడం చేతకావడం లేదు. ఆమె అన్నీ ఆలోచించింది. వేడి ఒక్కటీ ఆలోచించలేదు. బుధు తన గ్లాసును టోపీలా పెట్టుకున్నాడు, అదృష్టవశాత్తూ ఖాళీదే.

సోని గౌను అంచుతో గ్లాసు పట్టుకుని, ఊదుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"ప్లాస్టిక్‌ది కొనాల్సింది టీచరమ్మా."

"తాగు ముందు."

సోని ఒక గుక్క తాగింది. తల ఊపింది. క్లిప్పులు కదల్లేదు.

"మరి ఓడలోకి పేలు రెండేనా ఎక్కినాయి?"

సరళ గరిటె గిన్నెలో వదిలేసి, మసి చేత్తో నుదురు తుడుచుకుంది.

"ఆదివారం సెప్తాను. తొమ్మిదికల్లా రా."